పామును వెంటబెట్టుకుని ఊరు మారుతున్నారా?

ఇల్లు మారేటప్పుడు సామాను సర్దడం ఒక ఎత్తు, ఇంట్లో పెంచుకునే ప్రాణిని క్షేమంగా చేర్చడం ఇంకో ఎత్తు. కుక్కో, పిల్లో అయితే ఇరుగు పొరుగును అడిగినా నాలుగు సలహాలు దొరుకుతాయి. అదే పాము అయితే? పెంపుడు పామంటే పదేళ్ల కిందట నవ్వేవాళ్లం. ఇప్పుడు బెంగళూరు, ముంబయి, హైదరాబాద్ నగరాల్లో కొన్ని ఇళ్లలో గాజుపెట్టెలో బాల్ పైథాన్, కార్న్ స్నేక్ లాంటి విదేశీ పాములు కనిపిస్తున్నాయి. వాటికి విషం ఉండదు, నెమ్మదిగా ఉంటాయి. ఎక్కువగా ముచ్చటపడేది పిల్లలే.

వికారాబాద్ వైపు ఈ ప్రశ్న రావడానికి ఒక కారణముంది. అనంతగిరి గుట్టల చుట్టూ ఫామ్‌హౌస్‌లు వెలిశాయి. శని, ఆదివారాలకు వచ్చిపోయేవాళ్లే కాకుండా, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు కుటుంబాలతో వచ్చి ఉంటున్నారు. ఆమధ్య బీపీ మాత్రల కోసం ఓపీకి వచ్చిన ఒకాయన, చీటీ రాసిచ్చాక కూడా కుర్చీలోంచి లేవలేదు. ‘‘సార్, ఇంకొక్క మాట. మావాడు బెంగళూరులో బాల్ పైథాన్ పెంచుతున్నాడు. వచ్చే నెల అందరం ఇక్కడికి మారుతున్నాం. కారులో తేవచ్చా? పిల్లలకు ముందే ఏదైనా ఇంజెక్షన్ వేయించాలా?’’ అన్నారు. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాను. పదమూడేళ్ల కొడుకు, రెండేళ్ల పాప, షుగర్ ఉన్న తల్లి. ఆయనకు చెప్పిన విషయాలనే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ ఇంజెక్షన్ సంగతి. పాము కరవకముందే వేసుకునే టీకా ఏదీ లేదు. విషపు పాము కరిచాక, విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తే ఇచ్చే మందే యాంటీ స్నేక్ వీనమ్. విషం లేని పాము కరిస్తే దాని అవసరమే రాదు. ధనుర్వాతం టీకా మాత్రం ఇంటిల్లిపాదికీ సమయానికి పడిందో లేదో చూసుకోండి. అది పాముతో పని లేకుండా అందరికీ కావాల్సిందే.

కాగితాలు లేకుండా కదలొద్దు

నేను వకీలును కాను. అయినా ఈ మాట చెప్పక తప్పదు. మన దేశపు పాములను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, కొండచిలువ లాంటివన్నీ ఆ చట్టం రక్షణలో ఉన్నాయి. అదృష్టం కలిసొస్తుందనీ, కోట్లు పలుకుతుందనీ ‘రెండు తలల పాము’ను సంచుల్లో పెట్టి తిప్పేవాళ్లు ఉన్నారు. దానికి రెండో తల లేదు, మొద్దుగా ఉన్న తోకే అలా కనిపిస్తుంది. దాన్ని దగ్గర పెట్టుకుంటే కలిసొచ్చేది కేసు.

విదేశీ పాముల లెక్క వేరు. చట్టానికి 2022లో చేసిన సవరణతో, అంతర్జాతీయ ఒప్పందం సైట్స్ జాబితాలో ఉన్న విదేశీ ప్రాణులను పెంచుకునేవాళ్లు వాటిని నమోదు చేసుకోవాల్సి వచ్చింది. ఇందుకు కేంద్రం 2024 ఫిబ్రవరిలో నిబంధనలు ఇచ్చింది. నమోదు పరివేష్ పోర్టల్‌లో జరుగుతుంది. బాల్ పైథాన్ ఆ జాబితాలో ఉంది. ‘దుకాణం అతను బిల్లు ఇచ్చాడు’ అంటే సరిపోదు. నమోదు పత్రం లేకుండా పామును రాష్ట్రం దాటించకండి. ఊరు మారే ముందు అటవీశాఖ కార్యాలయంలో ఒకసారి అడగండి.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న మనవాళ్లు తిరిగొస్తూ ‘మా పామునూ తెచ్చుకోవచ్చా’ అని అడుగుతుంటారు. విదేశాల నుంచి సామానుతోపాటు పెంపుడు జంతువును తెచ్చుకునే వెసులుబాటు కుక్కలకూ పిల్లులకే ఉంది. పాములకు లేదు. బ్యాంకాక్ నుంచి వచ్చిన పెట్టెల్లో బాల్ పైథాన్‌లు చెన్నై విమానాశ్రయంలో ఎన్నోసార్లు దొరికాయి. 2024 ఏప్రిల్‌లో బెంగళూరు విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడి పెట్టెలో పది పసుపు అనకొండలు బయటపడ్డాయి. బజారులో తక్కువ ధరకు దొరికే పాము అలా ఊపిరాడని పెట్టెలో వచ్చిందై ఉండొచ్చు. అది ఏ రోగంతో వచ్చిందో అమ్మినవాడికీ తెలియదు.

కోరల కన్నా చేతులే ముఖ్యం

పెంపుడు పాము వల్ల ఇంట్లో జబ్బు వస్తే, చాలాసార్లు అది కాటుతో వచ్చింది కాదు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాతో వచ్చింది. పాములు, తాబేళ్లు, బల్లుల పేగుల్లో ఈ క్రిమి మామూలుగానే ఉంటుంది. పాముకు ఏ బాధా ఉండదు, నిగనిగలాడుతూనే ఉంటుంది. మలంలో అప్పుడప్పుడూ క్రిమి బయటికి వస్తుంది. అక్కడి నుంచి చర్మానికి, పెట్టెకు, నీళ్ల గిన్నెకు, మన చేతులకు అంటుకుంటుంది. ఒకసారి పరీక్ష చేయించి ‘లేదు’ అనిపించుకున్నా ధీమాగా ఉండలేం. ఆ రోజు బయటికి రాని క్రిమి రేపు రావచ్చు.

అమెరికాలో పిల్లలు బుల్లి తాబేళ్లతో ఆడుకుని ఈ జబ్బు తెచ్చుకోవడంతో, నాలుగు అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. బ్రిటన్‌లో పాములకు మేతగా అమ్మే గడ్డకట్టిన ఎలుకల నుంచి వందల మందికి సాల్మొనెల్లా సోకింది. ఇది మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన విషయం. పాము మేతను వంటింటి ఫ్రిజ్‌లోనే, దోసెల పిండి గిన్నె పైఅరలో కవరు చుట్టి పెట్టేవాళ్లు ఉన్నారు. గడ్డకట్టించినంత మాత్రాన సాల్మొనెల్లా చావదు. దానికి విడిగా చిన్న ఫ్రీజర్ ఉండాల్సిందే. అది కుదరకపోతే పాము పెంపకమే కుదరదని నా అభిప్రాయం.

పెద్దలకు సోకితే జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు. నాలుగు నుంచి ఏడు రోజుల్లో చాలామందికి తగ్గిపోతుంది. ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకుంటే చాలు, అందరికీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. పసిపిల్లల్లో మాత్రం క్రిమి రక్తంలోకి పాకి మెదడు పొరల దాకా, ఎముకల దాకా వెళ్లగలదు. వయసు పైబడినవాళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, స్టిరాయిడ్లు వాడుతున్నవాళ్లు, సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లు కూడా జాగ్రత్తపడాలి. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పాములు, తాబేళ్ల లాంటివి వద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతోంది. నేనూ ఆయనకు అదే చెప్పాను. ‘పాప పామును ముట్టుకోదు సార్’ అన్నారు. పాప ముట్టుకోనక్కర్లేదు. అన్న పామును ముట్టుకుని, అదే చేత్తో చెల్లెలికి బిస్కెట్ ఇస్తే చాలు.

ఇంట్లో పాము ఉన్న సంగతి జ్వరమొచ్చినప్పుడు డాక్టరుకు చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు. మన ఓపీల్లో ‘మీ ఇంట్లో పాము ఉందా’ అని అడిగే అలవాటు ఇంకా రాలేదు.

బాల్ పైథాన్ కూడా అప్పుడప్పుడూ కరుస్తుంది, ముఖ్యంగా చేతికి ఎలుక వాసన ఉంటే. సన్నటి పళ్ల వరస గుచ్చుకుని చుక్కలుగా రక్తం వస్తుంది. పట్టుకుని వదలకపోతే చేతిని లాగకండి, పళ్లు విరిగి లోపలే ఉండిపోతాయి. దాని నోటి మీద చల్లటి నీళ్లు పోస్తే సాధారణంగా వదులుతుంది. గాయాన్ని సబ్బుతో, కుళాయి ధార కింద బాగా కడగండి. మర్నాటికి ఎర్రబడి వాచినా, చీము పట్టినా డాక్టరుకు చూపించండి. పాము ఒంటి మీద ఉండే సన్నటి నల్ల పురుగులు మనుషుల్నీ కుట్టి దురద దద్దుర్లు తెప్పిస్తాయి. ఇంటిల్లిపాదికీ గోకుడు పట్టుకుంటే ఆ కారణం కూడా గుర్తుంచుకోండి.

దారిలో

బెంగళూరు నుంచి హైదరాబాద్‌కే సుమారు 570 కిలోమీటర్లు. వికారాబాద్ రావాలంటే ఇంకో డెబ్బై అయిదు. రోజంతా కారులో గడిచిపోతుంది. రైలు, బస్సు ఆలోచనే వద్దు. పెట్టె మూత ఊడితే బోగీలో జరిగే తొక్కిసలాటతో పోలిస్తే పాము వల్ల వచ్చే ప్రమాదం చాలా చిన్నది.

పాముకు ఒంటి వేడిని సొంతంగా నిలుపుకునే శక్తి లేదు. చుట్టూ ఎంత వేడి ఉంటే అంత. బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికా జాతి, దానికి 25 నుంచి 32 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. ఎండలో ఆపిన కారు కాసేపట్లోనే పొయ్యి అవుతుంది. టిఫిన్ తిని వచ్చేసరికి పాము చచ్చిపోయి ఉండొచ్చు. డిక్కీలో అసలే పెట్టొద్దు. వేసవిలో తెల్లవారుజామున బయల్దేరడం మంచిది. చలికాలంలో ఇంకో చిక్కు. వికారాబాద్, తాండూరు వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దాపుకు పడిపోయే రోజులుంటాయి. ఊరు చేరిన రాత్రే పాము పెట్టెకు వెచ్చదనం ఏర్పాటు ఉండాలి.

ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు మేత ఆపాలి. కడుపు నిండిన పాము కుదుపులకు మింగింది కక్కేస్తుంది. ఆకలితో ఏమవుతుందోనని బెంగ వద్దు, ఎదిగిన పాము వారాల తరబడి తినకుండా ఉండగలదు. గాలాడే మెత్తటి గుడ్డ సంచిలో పెట్టి, మూతి గట్టిగా కట్టి, ఆ సంచిని చిల్లులున్న గట్టి ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి, పెట్టెకు గడియ వేయాలి. పెట్టె మీద లోపల ఏముందో, ఎవరికి ఫోన్ చేయాలో పెద్ద అక్షరాలతో రాయండి. కారుకు ఏదైనా జరిగితే సాయానికి వచ్చేవాళ్లకు తెలియాలి కదా.

దాబా దగ్గర పెట్టె తెరిచి జనానికి చూపించకండి, సెల్ఫీలు వద్దు. తిండి సంచి ముందు సీటు దగ్గర, పాము పెట్టె వెనక సీటు కింద. ఒడిలో పెట్టుకునే పని వద్దు. పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. శానిటైజర్ నీళ్లు దొరకనప్పటి మాట. ఇల్లు చేరాక పెట్టెను, గిన్నెలను వంటింటి సింకులో తోమకండి.

దిగాక పెంచలేకపోతే గుట్టల్లో వదిలేద్దాం అనుకునేవాళ్లకు ఒక ముచ్చట. అమెరికాలోని ఫ్లోరిడాలో, పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా వచ్చిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో పెరిగి అక్కడి జంతువులను ఊడ్చేశాయి. వాటితో వచ్చిన ఒక ఊపిరితిత్తుల పరాన్నజీవి అక్కడి స్థానిక పాములకూ పాకింది. అనంతగిరిలో వదిలిన పాము బతకకపోవచ్చు, తెచ్చిన రోగం మాత్రం మిగలొచ్చు. పెంచలేకపోతే అటవీశాఖకు అప్పగించడమే దారి.

అసలు ప్రమాదం దిగిన చోట

ఆయనతో నేను ఎక్కువసేపు మాట్లాడింది ఈ విషయమే. బెంగళూరు అపార్టుమెంటులో ఆ పిల్లవాడికి పామంటే మెడలో వేసుకునే నేస్తం. అలాగే అలవాటు పడ్డాడు. ఇప్పుడు వాడు వస్తున్నది కంది చేలు, బండల కుప్పలు ఉన్న సీమకు. ఇక్కడ రక్తపింజర తిరుగుతుంది.

రక్తపింజరను చూడండి: లావుగా, పొట్టిగా, గోధుమరంగు ఒంటి మీద నల్లంచు ఉన్న ముదురు మచ్చలు, కదిలిస్తే తప్ప కదలదు. బాల్ పైథాన్‌ను చూడండి: లావుగా, పొట్టిగా, గోధుమరంగు, నలుపు మచ్చలు, నెమ్మది. పామును ఎన్నోసార్లు చేత్తో పట్టిన పిల్లవాడు, పెరట్లో సాయంత్రం మసక వెలుతురులో దీన్ని చూస్తే ఏం చేస్తాడు? మన ఊళ్లలో పెద్దవాళ్లే దాన్ని కొండచిలువ పిల్లనుకుని పొరపడుతుంటారు. రక్తపింజర వీపు మీద గొలుసు కట్టినట్టు మూడు వరసల మచ్చలుంటాయి. బెదిరితే చుట్ట చుట్టుకుని, కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. కానీ ఈ గుర్తులు పిల్లలకు నేర్పించి పరీక్ష పెట్టకండి. వాళ్లకు నేర్పాల్సింది ఒక్కటే: గాజుపెట్టె బయట కనిపించే ఏ పామునూ ముట్టుకోకూడదు, వెనక్కి అడుగేసి పెద్దవాళ్లను పిలవాలి. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒకే ఈతలో ఇరవై, ముప్పై కూడా ఉంటాయి. పుట్టిన పిల్లకూ విషం ఉంటుంది.

తాండూరు చుట్టుపక్కల నాపరాళ్ల గనులు, పాలిషింగ్ యూనిట్ల పక్కన పేర్చిన బండలు, విరిగిన ముక్కల గుట్టలు ఉంటాయి. వాటి సందులు పాములకు చల్లటి ఇళ్లు. కంది కోత అయ్యాక ఇళ్ల పక్కన వేసే కందికట్టె కుప్పలు ఎలుకలకు నెలవు. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. కొత్తగా కట్టిన ఫామ్‌హౌస్‌ల్లో నేలకు వేయగా మిగిలిన బండలను అందం కోసమని గోడవారగా నిలబెట్టడం నేను చాలా చోట్ల చూశాను. అవి తీయించండి. రాత్రి చెప్పులు, టార్చి లేకుండా వాకిట్లోకి దిగొద్దు.

కట్లపాముది ఇంకో తీరు. రాత్రిపూట ఇంట్లోకి వచ్చి, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచిన పిల్లవాడికి కనురెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, గ్యాస్ అనుకుని ఆగకండి. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కింద దోపుకుంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది.

‘పురుగు ముట్టింది’ అంటే

మా వైపు పెద్దవాళ్లు రాత్రిపూట పాము పేరెత్తరు. ‘పురుగు ముట్టింది సారూ’ అంటారు. నగరం నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు ఈ మాట అర్థం కాదు. మీ తోటమాలో, పనిమనిషో అలా అంటే చీమో తేలో అనుకోకండి, పాము అనే అనుకుని కదలండి.

మా క్యాజువాలిటీకి పాములు పెంపుడు పెట్టెల్లో రావు. ప్లాస్టిక్ డబ్బాలో, యూరియా సంచిలో, కర్రకు చుట్టి వస్తాయి. కరిచిన పామును చూపిస్తేనే డాక్టరు సరైన మందు ఇస్తాడని నమ్మకం. దానికోసం వెతికేవాళ్లలో ఇంకొకరు కాటు తింటారు. తెగిన తల కూడా కాసేపటిదాకా కరవగలదు. మన దేశంలో వాడే యాంటీ స్నేక్ వీనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ కలిపి ఒక్కటే మందు. ఏ పాము అని తేలకపోయినా లక్షణాలు చూసి, రక్తం గడ్డకడుతోందో లేదో శుభ్రమైన గాజు గొట్టంలో 20 నిమిషాలు ఉంచి చూసి, మందు మొదలుపెడతాం. దూరం నుంచి ఫొటో తీయగలిగితే మంచిదే, లేకపోతే వదిలేయండి. విదేశీ విషపు పామును రహస్యంగా పెంచేవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక: దాని విషానికి మన ఆసుపత్రుల్లో విరుగుడు ఉండదు.

కాటు పడితే కట్లు కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి. ఉంగరాలు, గాజులు, కడియాలు తీసేయండి. కాలో చెయ్యో కదలకుండా కర్ర ఊతంగా పెట్టి పడుకోబెట్టి తీసుకురండి. నడిపించొద్దు. మంత్రం వేయించేందుకు పోయిన గంట మళ్లీ దొరకదు. రక్తపింజర విషం అప్పటికే రక్తం గడ్డకట్టే గుణాన్ని తినేస్తూ, మూత్రపిండాల మీద పడుతుంటుంది. పసివాళ్లకు విషం మోతాదు పెద్దవాళ్లకు ఎక్కినంతే ఎక్కుతుంది, ఒళ్లేమో చిన్నది. అందుకే విరుగుడు మందు పిల్లలకైనా పెద్దల మోతాదులోనే ఇస్తాం.

దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఎక్కువ భారం ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఆ సంఖ్యను 2030 నాటికి సగానికి తగ్గించాలని 2024 మార్చిలో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అది నెరవేరేది మొదటి గంటలో మనం ఎటు పరుగెత్తామన్న దాన్ని బట్టే.

డబ్బున్న కుటుంబాలు చాలాసార్లు నేరుగా హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి వైపు కారు తిప్పుతాయి. తాండూరు నుంచి అది నూటపది కిలోమీటర్ల దాకా ఉంటుంది. తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది, వికారాబాద్‌లో ప్రభుత్వ ఆసుపత్రికి తోడు 2023 నుంచి వైద్య కళాశాల ఉంది. విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మొదటి మోతాదు దగ్గర్లో వేయించుకుని, అవసరమైతే అక్కడి నుంచి అంబులెన్సులో పెద్దాసుపత్రికి వెళ్లడం వేరు, ఏ మందూ లేకుండా రెండు మూడు గంటలు కారులో కూర్చోవడం వేరు.

కొత్త ఇంట్లో దిగిన వారంలోనే, దగ్గర్లో పాముకాటు మందు ఉన్న ఆసుపత్రి ఏదో కనుక్కోండి. ఒకసారి చీకటి పడ్డాక ఆ దారిలో కారు నడిపి, ఎంతసేపు పడుతుందో చూడండి. ఫామ్‌హౌస్‌లకు ఇంటి నంబర్లు సరిగా ఉండవు కాబట్టి, 108కు ఫోన్ చేసినప్పుడు చెప్పడానికి ఊరి పేరు, మలుపు దగ్గరి గుడో బడో, గేటు రంగు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అతికించండి. ఇంట్లో పనిచేసేవాళ్లకు కూడా ఆ కాగితం చూపించండి.